పోలీసు బండి దానం ఇచ్చే ముందు వెనక సీట్లో ఒకసారి కూర్చోండి

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకి మైక్ వినిపిస్తోందా... సరే. రిటైరైన పోలీసు బండ్లని సేవా సంస్థలకి ఇవ్వడం గురించి మాట్లాడమని పిలిచారు, ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఇద్దరూ ఈ హాల్లోనే ఉన్నారు కాబట్టి మొహమాటం పక్కన పెట్టి మాట్లాడతా. బండికి దండేసి తాళం చేతిలో పెట్టి ఫోటో దిగడం పది నిమిషాల పని, అసలు కథ ఆ తర్వాతే.

మాకు మొదటిసారి వచ్చిన బండికి మీటర్ మీద లక్షన్నర కిలోమీటర్లే, అందరం ఎగిరి గంతేశాం. పోలీసు బండికి కిలోమీటర్లు చూసి మురిసిపోకూడదని అప్పుడు నాకు తెలీదు. అది రోడ్డు మీద పరిగెత్తడమే కాదు, గంటలకొద్దీ ఎక్కడో మలుపులో ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని నిలబడి కూడా ఉంటుంది, లైట్లు, వైర్‌లెస్, కంప్యూటర్ అన్నీ నడవాలి కదా మరి. ఫోర్డ్ వాళ్ళ లెక్క ప్రకారం ఇంజన్ గంటసేపు ఊరికే తిరుగుతూ ఉంటే దాదాపు 33 మైళ్ళు, అంటే 53 కిలోమీటర్లు నడిచినంత అరుగుదల. నాలుగు వేల గంటలు అలా నిలబడిన బండి అనుకోండి, మీటర్‌కి ఎక్కని కిలోమీటర్లు ఇంకో 2,12,000! అందుకని ఇచ్చేవాళ్ళు ఇంజన్ గంటల రీడింగ్, సర్వీసు రికార్డు కూడా ఇవ్వండి, పుచ్చుకునేవాళ్ళు సిగ్గుపడకుండా అడగండి. దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదంటారు గానీ దానికి మేత వేసేది మనమే కదండీ.

అలాగని ఇవి పనికిరాని బండ్లని కాదు. పోలీసుల కోసమే తయారుచేసిన వాటికి రేడియేటర్, బ్రేకులు, ఆల్టర్నేటర్ మామూలు కార్ల కంటే గట్టివి వేస్తారు, టైముకి ఆయిల్ మారుస్తారు. ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా తయారీ 2011లోనే ఆగిపోయినా, అమెరికాలో పోలీసులు వదిలేసినవి ఆ తర్వాత కూడా టాక్సీలుగా తిరిగాయి.

సమస్యంతా విప్పడంలో ఉంది. లైట్ బార్, సైరన్, వైర్‌లెస్ సెట్, మధ్యలో ఇనప జాలీ తీసేస్తారు బానే ఉంది, వాటి వైర్లు మాత్రం కత్తిరించి డ్యాష్‌బోర్డు కింద కుక్కేసి పంపుతారు. మా బండి బ్యాటరీ మూడు రోజులకోసారి చచ్చిపోయేది, రెండు బ్యాటరీలు మార్చాక మెకానిక్ సీటు కిందకి దూరి చూస్తే ఏదో చిన్న డబ్బా, దానికి పని లేదు పాటు లేదు, కరెంటు మాత్రం తాగుతూ కూర్చుంది. లైట్ బార్ తీసిన చోట పైన బోల్టు కన్నాలు, వాటికి సరిగ్గా బిరడాలు కొట్టకపోతే మొదటి వానకే లోపల తడి. స్టిక్కర్లు పీకేశాక కూడా వాటి కింద పెయింట్ వెలిసిపోలేదు గనక ఎండలో అక్షరాలు చక్కగా కనపడేవి, ముందు వెళ్ళేవాళ్ళు అద్దంలో చూసి టక్కున స్లో అయిపోయేవాళ్ళు. మా డ్రైవర్‌కి అది భలే సరదాగా ఉండేది, నాకు భయం, పోలీసు బండి అనుకుని ఎవరైనా సాయం అడగడానికి పరిగెత్తుకొస్తే ఏం చెప్తాం? ఆ ప్యానెల్స్‌కి మళ్ళీ రంగు కొట్టించి ఇవ్వడం ఇచ్చేవాళ్ళ బాధ్యత అనే అంటాను.

ఇంకోటి, చాలామందికి తట్టదు. కొన్ని చోట్ల పోలీసు బండ్లన్నీ ఒకే తాళంచెవితో తెరుచుకునేలా కొంటారు. తాళం మార్చకుండా ఒక బండి దానమిచ్చారంటే, డ్యూటీలో ఉన్న మిగతా బండ్ల తాళం కూడా ఇచ్చేసినట్టే!

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తా. ఇది ప్రభుత్వ ఆస్తి, ఏ ఆఫీసరూ మంచి మనసుతో ఇచ్చేస్తా అంటే కుదరదు, ఆర్డరు రాతలో ఉండాలి, రిజిస్ట్రేషన్ పేరు మారాలి, ఇన్సూరెన్స్ కొత్తది తీసుకోవాలి. ఇవి కాకముందు బండి గేటు దాటకూడదు, అంతే.

బండి మరీ అరిగిపోతే ఎవరో ఒకరికి అంటగట్టకండి, అది గుదిబండ అవుతుంది. వేలం వేసి ఆ డబ్బు ఇవ్వండి, లేదా మెకానిక్ పని నేర్చుకునే పిల్లలకి ఇవ్వండి, ప్రమాదంలో ఇరుక్కున్నవాళ్ళని కారు కోసి బయటికి తీయడం ఫైర్ సిబ్బంది ప్రాక్టీసు చేసేది ఇలాంటి బండ్ల మీదే.

చివరగా వెనక సీటు. చేతికి గ్లోవ్స్ లేకుండా దాని కింద చెయ్యి పెట్టకండి, ఎవరెవరు కూర్చున్న సీటో, సూదులు, బ్లేడ్లు దొరకొచ్చు. వెనక తలుపులు లోపల్నుంచి తెరుచుకోవు, అద్దాలు దిగవు, అది పోలీసులకి కావాలి, మనకి కాదు. మేం ఒక పెద్దావిడని ఆసుపత్రికి తీసుకెళ్ళాం, డ్రైవర్ వీల్ చైర్ తెస్తానని లోపలికి వెళ్ళాడు, వచ్చేసరికి ఆవిడ అద్దం మీద అరచేత్తో కొడుతోంది, చెమటతో చీరంతా తడిసిపోయింది. "నన్నెందుకు లోపలేశావు నాయనా" అంది, వాడు ఏం చెప్పాలో తెలీక చేతులు జోడించాడు.

అప్పట్నుంచి ఏ బండి వచ్చినా ముందు నేనే వెనక కూర్చుని, తలుపేసుకుని లోపల్నుంచి తీసి చూస్తా. మీరూ చూడండి, కాకపోతే బయట ఎవరినైనా నిలబెట్టుకోండి, ఒకసారి నేను ఒక్కడినే కూర్చుని, ఫోన్ ఆఫీసులో మర్చిపోయి, వాచ్‌మన్ రౌండ్‌కి వచ్చేదాకా అలాగే ఉండిపోయా.