బండికి చట్టం ఒప్పుకుంది, సింక్ ఒప్పుకోలేదు

నమస్తే అండి. లాస్ ఏంజిలిస్‌లో ఉన్న మనవాళ్లు ఈ బండ్లు చూసే ఉంటారు. పైన రంగురంగుల గొడుగు, గాజు పెట్టెలో ఐసు మీద మామిడి, పుచ్చకాయ, కీరా. అడగ్గానే ముక్కలు కోసి, నిమ్మకాయ పిండి, పైన కారం చల్లి చేతిలో పెడతారు. అచ్చం మన బీచ్ రోడ్డులో ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కల్లా. అమ్మేవాళ్లలో ఎక్కువమంది మెక్సికో, గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన లాటినోలు. ఆడవాళ్లూ చాలామందే.

లాటినో వ్యాపారులకు అండ అనగానే అందరూ స్టార్టప్పులు, పెట్టుబడుల గురించే మాట్లాడతారు. నాకు మాత్రం ఈ పండ్ల బండి దగ్గరే అసలు కథ ఉందనిపిస్తుంది.

2017 దాకా ఆ ఊళ్లో ఫుట్‌పాత్ మీద అమ్మడం నేరం. ఫైన్ కట్టి బయటపడటం కాదు, క్రిమినల్ కేసే పెట్టొచ్చు. కాగితాలు లేనివాళ్లను దేశం నుంచి పంపించేయడానికి ఆ కేసును వాడుకుంటారేమోనన్న భయంతో నగర కౌన్సిల్ ఆ ఏడాది దాన్ని నేరాల్లోంచి తీసేసింది. 2018లో ఫుట్‌పాత్ మీద అమ్ముకోవచ్చంటూ ఎస్‌బీ 946 (ఎస్‌బీ అంటే సెనేట్ బిల్లు) పేరుతో కాలిఫోర్నియా రాష్ట్రమే చట్టం చేసింది. 2020లో పర్మిట్లు మొదలయ్యాయి. అంతా బాగుంది కదా?

ఊళ్లో తిండి అమ్మే బండ్లు సుమారు 10,000 ఉంటాయని అంచనా. 2021లో యూసీఎల్‌ఏ అనే అక్కడి విశ్వవిద్యాలయపు లా స్కూల్‌లోని న్యాయ సహాయ విభాగం, పబ్లిక్ కౌన్సెల్ అనే న్యాయ సహాయ సంస్థ కలిసి లెక్క తీసి రిపోర్టు రాస్తే, తిండి అమ్మడానికి పర్మిట్ దొరికినవాళ్లు 200 మంది కూడా లేరు.

కారణం సింక్. అవును, గిన్నెలు కడిగే సింకే! అప్పటి ఆరోగ్య శాఖ నిబంధనలు ఫుడ్ ట్రక్కుల్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. గిన్నెలకు మూడు అరల సింక్, చేతులకు వేరే సింక్, వేడినీళ్లు. ఇవన్నీ ఎక్కిస్తే అది తోపుడు బండి ఎలా అవుతుంది? పోనీ ఎక్కించినా ఫుట్‌పాత్ మీద చోటు సరిపోతుందా? శుభ్రత అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ కొలతలు రాసినవాళ్లు ఒక్కసారైనా బండి పక్కన నిలబడి చూడలేదని తెలిసిపోతోంది.

ఆ రిపోర్టు అమ్మకందారుల సంఘాల చేతికి ఆయుధమైంది. అడిగితే చూపించడానికి అంకెలున్నాయి మరి. 2022లో ఎస్‌బీ 972 వచ్చి చిన్న బండ్లకు విడిగా, తేలికైన నియమాలు పెట్టింది. నగరం కూడా 541 డాలర్ల పర్మిట్ ఫీజును 2024లో 27 డాలర్ల 51 సెంట్లకు దించింది. ఇంత తగ్గించగలిగినప్పుడు మొదట అంత ఎందుకు పెట్టారో మరి!

అయితే పర్మిట్ అంటే పేరు, అడ్రసు ఎక్కడో నమోదవుతాయి. 2025 జూన్‌లో వలస అధికారుల దాడులు మొదలవగానే చాలామంది బండ్లు బయటకు తీయడం మానేశారు. అప్లికేషన్ పెట్టినవాళ్ల వలస హోదా అడగకూడదని, వేలిముద్రలు తీసుకోకూడదని ఆ ఏడాదే ఎస్‌బీ 635 అనే ఇంకో రాష్ట్ర చట్టం వచ్చింది. చట్టం ఉంది సరే, ఇన్నాళ్లూ ఆఫీసులంటే దడుచుకున్న మనిషి ఆ ఫారం నింపుతుందా? ఈసారి పరిశోధకులు వెళ్లి కనుక్కోవాల్సింది ఇదే.