ఫార్మాట్ కొట్టాలా, అప్‌గ్రేడ్ చేసుకోవాలా: ఒక స్టూడియో చర్చ, విన్నది విన్నట్టు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆపేసింది. అప్పట్నుంచి ఏ కంప్యూటర్ షాపుకి వెళ్ళినా ఒకటే మాట, సీదా ఫార్మాట్ కొట్టించుకోండి అని. ఆ మాట నమ్మి ఫొటోలు పోగొట్టుకున్నవాళ్ళు గొడవ పెట్టుకున్నాక దానిమీద జరిగిన చర్చ ఇది. పేర్లు రాయలేదు, ఎవరి పని ఏమిటో అదే వాళ్ళ పేరు: అడ్మిన్ అంటే కాలేజీలో కంప్యూటర్లు చూసుకునే మేడమ్, టెక్నీషియన్ అంటే షాపులో రిపేర్లు చేసే ఆయన, డీటీపీ అంటే కంప్యూటర్ మీద పేజీలు కూర్చి అచ్చుకిచ్చే ఆయన. ముగ్గురూ ఒకేసారి అరిచినచోట నాకు వినిపించినంతే రాశాను.

యాంకర్: నమస్కారం. విండోస్ 11కి పోవాలంటే ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేసుకోవాలా, మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించుకోవాలా? ముగ్గురికీ సమానంగా టైమ్ ఇస్తాను. (ఈ మాట గుర్తుపెట్టుకోండి.) కానీ నా అసలు ప్రశ్న వేరే. శుభ్రంగా పనిచేస్తున్న కంప్యూటర్ పాతదైపోయిందని ఎవరు చెప్పారు? ఇదంతా కొత్త ల్యాప్‌టాప్‌లు అమ్ముకోవడానికి కాదా? మేడమ్, మీరు మొదలుపెట్టండి.

అడ్మిన్: అమ్మకాల సంగతి తర్వాత చూద్దామండి. మీరు అడిగిన మొదటి ప్రశ్నకి, ఆ కంప్యూటర్‌లో ఏముందో చూడకుండా జవాబు ఉండదు. మా కాలేజీ ల్యాబులో అయితే అన్ని సిస్టమ్‌లూ ఒకేలా ఉంటాయి కాబట్టి తుడిచేసి ఎక్కిస్తాం. అదే మా ఆఫీసులో అకౌంట్స్ ఆయన సిస్టమ్ అయితే...

టెక్నీషియన్: ఒక్క నిమిషం మేడమ్, నేను చెప్తా. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఇరవై ఏళ్ళ నుంచి ఇదే పని నాది. ఫార్మాట్. ఇంకో మాట లేదు. సంక్రాంతికి ఇంటికి సున్నం కొట్టిస్తాం, బూజు దులపకుండా కొట్టిస్తామా? అప్‌గ్రేడ్ అంటే బూజు మీద సున్నం. ఐదేళ్ళ చెత్త అట్లనే ఉంటది, పాత డ్రైవర్లు, తీసేసిన యాంటీవైరస్‌ల తోకలు, పిల్లలు ఎక్కించిన గేములు. పైన పేరు మాత్రం విండోస్ 11.

అడ్మిన్: అది సున్నం కొట్టడం కాదండి. అప్‌గ్రేడ్ చేసినా విండోస్ కొత్తదే పడుతుంది. పాతదాన్ని విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో పక్కన పెట్టి, మన ప్రోగ్రాములూ ఫైళ్ళూ సెట్టింగులూ కొత్తదాంట్లోకి మోస్తుంది. మీ లెక్కలోనే చెప్పాలంటే ఇల్లు మారడం. పైగా పాత ఇంటి తాళంచెవి పది రోజులు మన దగ్గరే ఉంటుంది, నచ్చకపోతే వెనక్కి పోవచ్చు. ఫార్మాట్ కొట్టాక వెనక్కి ఎక్కడికి పోతారు?

టెక్నీషియన్: ఎందుకు పోవాలె వెనక్కి? మంచిగ పని చేస్తుంటే ఎందుకు పోవాలె?

యాంకర్: డీటీపీ సార్, విజయవాడ నుంచి వచ్చారు మీరు. ఈ కంపెనీల వల్ల మీలాంటి చిన్నవాళ్ళ మీద భారం పడలేదా?

డీటీపీ: భారం సంగతి అలా ఉంచండి. నా బాధల్లా అను ఫాంట్లు, తెలుగు అచ్చుపనికి వాడే పాత ఫాంట్లు. పెళ్ళికార్డులు, కరపత్రాలు, బుక్‌వర్క్ అంతా ఆ ఫాంట్లతో టైపు చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్‌తోనే, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7లో. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, నవ్వకండి, మా పని దాంతోనే నడుస్తోంది. ఆ సీడీ ఎక్కడుందో నాకు తెలీదు. సీరియల్ నంబరు మాత్రం సీపీయూ డబ్బా లోపలి రేకు మీద స్కెచ్ పెన్‌తో మా కుర్రాడు రాసిపెట్టాడు, అదీ సగం చెరిగిపోయింది, ఎనిమిదో మూడో అర్థం కాదు. ఇప్పుడు ఫార్మాట్ కొడితే మళ్ళీ ఎలా ఎక్కించాలి?

అడ్మిన్: చూశారా, ఇదే నేను చెప్పేది. మళ్ళీ ఎక్కించే దారి లేని సాఫ్ట్‌వేర్ ఒక్కటున్నా ముందు అప్‌గ్రేడే ప్రయత్నించాలి. ఇంకోటి, ఫాంట్లు మామూలుగా సీ డ్రైవ్‌లో విండోస్ లోపల ఫాంట్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. ఫార్మాట్ కొడితే మీరు పోగేసుకున్నవన్నీ దాంతోపాటే పోతాయి. యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే పద్ధతిలో, రాసేవాళ్ళకీ ఒక చిక్కుంది. గౌతమి, వాణి ఫాంట్లు కొత్తగా ఎక్కించిన విండోస్ 10లో గానీ 11లో గానీ వాటంతట అవి రావు. ఆప్షనల్ ఫీచర్లలోకి వెళ్ళి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని ఎక్కించుకోవాలి. నిర్మల ఒక్కటే నేరుగా వస్తుంది. గౌతమిలో చేసుకున్న పాత వర్డ్ ఫైలు తెరిస్తే పేజీలు అటూ ఇటూ అయ్యాయని జనం కంగారు పడేది ఇందుకే.

డీటీపీ: అసలు యూనికోడ్‌లో ఒత్తులు సరిగ్గా కూర్చోవండీ, అనులో ఉన్న అందం...

యాంకర్: ఆహా, ఇది ఆసక్తికరం! యూనికోడ్‌లో ఒత్తులు కూర్చోవా?

(ఇక్కడ నాలుగు నిమిషాలు ఒత్తుల మీదే పోయాయి. క్షా, జ్ఞా, 'ర' కింద వచ్చే ఒత్తులు. బాగుంది గానీ మన విషయం కాదు, వదిలేశాను.)

టెక్నీషియన్: సార్, సార్. విషయానికి రండి. ఫాంట్లు పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకుంటాం, అయిపోతది. మీరందరూ అప్‌గ్రేడ్ సేఫ్ అంటున్నారు గదా, 2018 అక్టోబరు మర్చిపోయిన్రా? విండోస్ 10కి అప్‌డేట్ వదిలిన్రు, 1809 అని. కొంతమందికి డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఉన్నవి మొత్తం మాయం. రెండో తారీఖున వదిలి, అదే వారంలో ఆపేసిన్రు. మళ్ళ నవంబరులో వదిలిన్రు. అది అప్‌గ్రేడే కదా? మైక్రోసాఫ్టోడే ఆపుకున్నడు. చెప్పండి మేడమ్.

అడ్మిన్: నిజమే, జరిగింది. అందుకే రెండిటికీ బ్యాకప్ కావాలంటున్నా. అక్కడ కొంతమందికి పోయాయి. ఫార్మాట్‌లో బ్యాకప్ లేకపోతే అందరికీ పోతాయి.

టెక్నీషియన్: అందరికీ ఎందుకు పోతాయ్? డీ డ్రైవ్‌లో ఉన్నది డీ డ్రైవ్‌లోనే ఉంటది. సీ ఒక్కటే కొడతాం మేం.

యాంకర్: ఒక కాలర్ లైన్‌లో ఉన్నారు. నల్లగొండ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. నేను ట్యూషన్లు చెప్తాను. షాపులో ఇచ్చినప్పుడు అడిగారు, డీ డ్రైవ్‌లో ఉన్నాయా అని. ఉన్నాయన్నాను. నేనెప్పుడూ స్క్రీన్ మీదే సేవ్ చేస్తాను సార్, అదే డీ అనుకున్నాను. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే స్క్రీన్ మీద రీసైకిల్ బిన్ ఒక్కటే ఉంది. మా బాబు మొదటి పుట్టినరోజు ఫొటోలు, ఆరేళ్ళ క్వశ్చన్ పేపర్లు...

టెక్నీషియన్: డెస్క్‌టాప్ మీద ఎవరు పెట్టుకోమన్నరమ్మా?

అడ్మిన్: అందరూ పెట్టుకునేది అక్కడేనండి! డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, మామూలుగా ఈ మూడూ సీ డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ కిందే ఉంటాయి. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు సీలోనే, చాలామంది ట్యాలీ లెక్కల డేటా కూడా సీలోనే. డీ డ్రైవ్ అని అడగడం కాదు, ఫైళ్ళు ఎక్కడున్నాయో చూపించమనాలి.

యాంకర్: అమ్మా, ఇది కొత్త ల్యాప్‌టాప్ కొనిపించడానికి జరుగుతున్న కుట్ర అని మీకు అనిపించలేదా?

కాలర్: అంటే... నాకు ఫొటోలు కావాలి సార్.

(లైన్ కట్టయింది. కట్ చేశారో, ఆవిడే పెట్టేశారో తెలీదు. ఆవిడకి జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ డిస్క్ ఇంక వాడకుండా రికవరీ చేసేవాళ్ళకి చూపించండి అని ఒక్క మాట ఎవరైనా అని ఉండాల్సింది.)

టెక్నీషియన్: చూడండి, ఇట్లాంటివి వందలో ఒకటి జరుగుతాయ్. నేను మళ్ళ చెప్తున్నా, స్పీడ్ కావాలంటే ఫార్మాట్.

అడ్మిన్: స్పీడ్ కావాలంటే ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్ బదులు వేసే వేగమైన డిస్క్. పాత హార్డ్ డిస్క్ మీద మీరు పదిసార్లు ఫార్మాట్ కొట్టినా...

టెక్నీషియన్: ఎస్‌ఎస్‌డీ నేనే ముందు చెప్పిన!

డీటీపీ: ఎప్పుడు చెప్పారండీ?

టెక్నీషియన్: చెప్పబోతున్న. ఎస్‌ఎస్‌డీ వేస్తే కొత్తగానే ఎక్కించాలె గదా, అంటే ఫార్మాటే గదా. నా మాటే.

అడ్మిన్: కాదండి, క్లోన్ చేసి, అంటే పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేసి వేయొచ్చు. సరే, ఫార్మాటే కావాల్సిన సందర్భాలు ఉన్నాయి, నేను కాదనను. 32 బిట్ విండోస్ 10 ఉంటే దాని మీద విండోస్ 11 అప్‌గ్రేడ్ కానే కాదు, 11లో 64 బిట్ ఒక్కటే ఉంది. వైరస్ పట్టిందన్నా, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారన్నా తుడిచేయడమే మేలు. లైసెన్స్ గురించి కూడా కంగారు అక్కర్లేదు, ఒకసారి యాక్టివేట్ అయిన మెషీనే అయితే...

టెక్నీషియన్: మదర్‌బోర్డుకే ఉంటది. నెట్ కనెక్ట్ చేస్తే అదే యాక్టివేట్ అయితది, కీ కొననక్కర్లేదు. (ఇద్దరూ ఒప్పుకున్నది ఇదొక్కటే.)

అడ్మిన్: కానీ ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పండి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా మెషీన్లలో డిస్క్‌కి తాళం దానంతట అదే పడుతుంది, ఎన్‌క్రిప్షన్. తర్వాతెప్పుడో కంప్యూటర్‌ని మొదట లేపే బయాస్ సెట్టింగులు మారిస్తేనో, మదర్‌బోర్డు మారిస్తేనో నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఏ అకౌంట్‌తో లాగిన్ అయ్యారో అందులో ఉంటుంది. మీ షాపులో కస్టమర్ పక్కన లేనప్పుడు ఎవరి మెయిల్‌తో లాగిన్ చేస్తారు?

టెక్నీషియన్: అది... కస్టమర్‌ది అడుగుతాం. పాస్‌వర్డ్ గుర్తుండదు జనానికి. అప్పుడు షాపు మెయిల్‌తో చేసి ఇస్తాం.

అడ్మిన్: అంటే కస్టమర్ తాళంచెవి మీ షాపు మెయిల్‌లో ఉంటుంది.

టెక్నీషియన్: ...

(రెండు సెకన్లు స్టూడియోలో చప్పుడు లేదు. గంట మొత్తంలో చర్చ జరిగింది ఈ రెండు సెకన్లే అనిపించింది నాకు.)

యాంకర్: అసలు ఈ ఎన్‌క్రిప్షన్ పెట్టిందే మనం కొత్త ల్యాప్‌టాప్ కొనాలని కదా?

అడ్మిన్: కాదండి! ల్యాప్‌టాప్ దొంగతనానికి పోయినా ఫైళ్ళు దొంగకి దొరక్కుండా పెట్టింది అది. నేను అడుగుతున్నది...

యాంకర్: డీటీపీ సార్, మీ కంప్యూటర్ ఏది?

డీటీపీ: ఇంటెల్ ఐ3 ప్రాసెసర్ అండీ. ఏడో జనరేషన్ అని స్టిక్కర్ ఉంది. అయితే ఫార్మాటా, అప్‌గ్రేడా?

అడ్మిన్: అయ్యో, ముందే అడగాల్సింది. దానికి అధికారికంగా విండోస్ 11 లేదు సార్. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే తీసుకున్నారు, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా ఉండాలి.

యాంకర్: చూశారా! నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది ఇదే! ఏడో జనరేషన్ చేసిన పాపం ఏమిటి? పేపర్లు అచ్చేసుకునే మనిషి చేత ల్యాప్‌టాప్ కొనిపిస్తారా?

అడ్మిన్: కొననక్కర్లేదు, కొంత గడువుంది. విండోస్ 10కి ఇంకో ఏడాది, 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకోవచ్చు. ఈఎస్‌యూ అంటారు. 22హెచ్2 వెర్షన్ మీద ఉండాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగులు బ్యాకప్‌కి పెడితే ఉచితం, లేకపోతే వెయ్యి రివార్డ్ పాయింట్లు, అదీ కాకపోతే 30 డాలర్లు. ఆయనది ఏమీ కదపక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు...

టెక్నీషియన్: ఏడాది తర్వాత? ఏడాది తర్వాత మళ్ళ ఇదే ఏడుపు. సార్, నా దగ్గరికి తెండి, ఆ చెకింగ్ దాటించే రూఫస్ టూల్‌తో పెన్‌డ్రైవ్ చేసి ఏడో జనరేషన్‌లో 11 ఎక్కించిస్తా. ఆరో దాంట్లో ఎక్కించిన, నాలుగో దాంట్లో ఎక్కించిన!

అడ్మిన్: ఎక్కుతుంది, ఎవరు కాదన్నారు? అలాంటి మెషీన్లకి అప్‌డేట్ల గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్‌కి మళ్ళీ మీ దగ్గరికే రావాలి.

టెక్నీషియన్: రానీయండి, నేనేమన్న రావద్దన్ననా?

(అందరూ నవ్వారు. ఆ నవ్వులో మేడమ్ ఇంకేదో చెప్తున్నారు, వినపడలేదు.)

యాంకర్: టైమ్ అయిపోయింది. మొత్తానికి ఈ చర్చలో తేలింది ఏమిటంటే, ఫార్మాట్ కొట్టించుకోవడమే మంచిది, కంపెనీలు మాత్రం మనల్ని...

డీటీపీ: నేనలా అనలేదండీ.

అడ్మిన్: ఆ షాపు మెయిల్ విషయం...

యాంకర్: బ్రేక్ తర్వాత కలుద్దాం.

(మ్యూజిక్ మొదలైంది గానీ ఒక మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.)

డీటీపీ: శనివారం తెస్తే, ముందు ఆ ఫాంట్ల ఫోల్డర్ కాపీ చేస్తారుగా?

టెక్నీషియన్: తెండి సార్, చూద్దాం.