లోపల ఏముంది? ఏప్రిల్ 14న ఫైర్‌స్టేషన్లు ఎవరిని తలుచుకుంటాయి

(తెర మీద: చెన్నై, ఏప్రిల్ 14 ఉదయం. పూలకొట్ల దగ్గర రద్దీ, గుడి ముందు క్యూ.)

ఏప్రిల్ 14 అంటే చెన్నైలో తమిళ సంవత్సరాది. మన ఉగాది అప్పటికి అయిపోయి ఉంటుంది. పక్కింటివాళ్లు మామిడికాయ, బెల్లం, వేపపువ్వు వేసిన పచ్చడి గిన్నెలో పెట్టి పంపిస్తారు, మనం రెండోసారి తింటాం. అంబేడ్కర్ జయంతి కూడా ఆ రోజే. ఊరంతా సెలవు మూడ్‌లో ఉంటుంది.

(కట్: ఫైర్‌స్టేషన్ ఆవరణ. ఎర్రటి బండ్ల ముందు యూనిఫాంలో వరుసగా నిలబడ్డ సిబ్బంది.)

ఫైర్‌స్టేషన్లలో మాత్రం ఆ పొద్దున అందరూ వరసలో నిలబడి, టోపీలు తీసి, మౌనం పాటిస్తారు. చెన్నైలోనే కాదు, విజయవాడలో, హైదరాబాద్‌లో, దేశమంతా ఇదే. అక్కడి నుంచి 20వ తేదీ దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. చొక్కాకు చిన్న జెండా గుచ్చి విరాళం అడిగే ఫైర్ సిబ్బంది మీకు ఎప్పుడైనా ఎదురై ఉంటే, అది ఈ వారంలోనే అయ్యుంటుంది.

ఈ తేదీ చెన్నైది కాదు, బొంబాయిది.

(తెర మీద: 1944, బొంబాయి విక్టోరియా డాక్. పాత మ్యాప్ మీద ఓడ గుర్తు.)

రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులు. ఫోర్ట్ స్టికిన్ అనే సరుకుల ఓడ ఇంగ్లండ్‌లో బయల్దేరి, కరాచీ మీదుగా 1944 ఏప్రిల్ 12న బొంబాయి చేరింది. అందులో దాదాపు 1,400 టన్నుల పేలుడు పదార్థాలున్నాయి. అది చాలదన్నట్టు కరాచీలో వేల కొద్దీ పత్తి బేళ్లు ఎక్కించారు. పత్తి, మందుగుండు పక్కపక్కన! ఇంట్లో కిరోసిన్ డబ్బా పక్కన అగ్గిపెట్టె పెడితేనే మన పెద్దవాళ్లు ఊరుకోరు. యుద్ధం హడావుడిలో ఓడకు ఓడే అలా నింపేశారు.

14వ తేదీ మధ్యాహ్నం ఓడలోంచి పొగ రావడం చూశారు. ఫైరింజన్లు వచ్చాయి. సిబ్బంది ఓడెక్కి నీళ్లు కొట్టడం మొదలుపెట్టారు. వందల టన్నుల నీళ్లు పోసినా మంట ఎక్కడుందో చిక్కలేదు. బేళ్లలో రాజుకున్న నిప్పు అంతే, పైకి కనపడకుండా లోపలే కాలుతూ పోతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ప్రమాదకరమైన సరుకు ఉన్న ఓడ ఎర్రజెండా ఎగరేయాలి. ఆ ఓడ మీద ఆ జెండా లేదు.

సాయంత్రం 4 గంటల 6 నిమిషాలకు ఓడ పేలింది. అరగంట లోపే ఇంకోసారి, మరింత పెద్దగా. డాకులు, గోదాములు, చుట్టుపక్కల ఇళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవాళ్లు వందల్లో ఉన్నారు. వాళ్లలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది. ఆ ఓడలో బంగారు కడ్డీలు కూడా ఉన్నాయి, అవి ఎగిరి ఎక్కడెక్కడో పడ్డాయని జనం ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. నాకెందుకో ఆ బంగారం కథ ముందు చెప్పి, 66 మంది సంగతి ఆఖర్న చెప్పడం నచ్చదు.

ఆ 66 మంది నీళ్లు పోస్తూనే ఉన్నారు. తాము దేని మీద నిలబడి పోస్తున్నారో దూరం నుంచే హెచ్చరించే ఎర్రజెండా కూడా ఆ ఓడ మీద లేదు. ఇవాళ్టి వీడియో అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: లోపల ఏముంది?

(తెర మీద: చెపాక్, కలస్ మహల్ గోపురాలు.)

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మెరీనా వైపు వెళ్లేటప్పుడు చెపాక్ దగ్గర ఎర్రటి పాత భవనాలు చూసే ఉంటారు. 1768లో ఆర్కాటు నవాబు కట్టించుకున్న ప్యాలెస్ అది. అందులో ఒక భాగం కలస్ మహల్. తర్వాతి కాలంలో ప్రభుత్వాఫీసులు అందులోకి వచ్చాయి. అంటే గదుల నిండా ఫైళ్లు, బీరువాలు, చెక్క సామాన్లు.

2012 జనవరిలో, పొంగల్ సెలవుల్లో, రాత్రిపూట అక్కడ మంటలు లేచాయి. పాతకాలం మద్రాసు మిద్దెలు ఎలా ఉంటాయో తెలుసుగా? చెక్క దూలాలు, వాటి మీద అడ్డంగా పేర్చిన ఇటుకలు, పైన సున్నం దిమ్మిస. కింద ఫైళ్లు మండితే ఆ వేడి దూలానికి తగులుతుంది. దూలం చుట్టూ కాలుతూ సన్నబడుతుంది. పైనున్న బరువు మాత్రం తగ్గదు, పైగా మనం కొట్టిన నీళ్లు పీల్చుకుని పెరుగుతుంది. ఎప్పుడు కూలుతుందో కింద నిలబడ్డవాడికి తెలిసే దారి దాదాపు లేదు.

ఆ రాత్రి భవనం కూలి ఒక ఫైర్‌మ్యాన్ చనిపోయారు. లోపలికి వెళ్లిన అధికారిణి ప్రియా రవిచంద్రన్‌కు తీవ్రంగా కాలిన గాయాలయ్యాయి. తమిళనాడు అగ్నిమాపక శాఖలో 2003లో అధికారులుగా చేరిన తొలి మహిళలు ఇద్దరు, మీనాక్షి విజయకుమార్, ఈవిడ. అంత దెబ్బ తగిలాక ఆవిడ కోలుకుని మళ్లీ అదే యూనిఫాం వేసుకున్నారు. ఆ భవనాన్ని కూడా తర్వాత బాగుచేశారు, పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచ్ ఇప్పుడు అక్కడే ఉంది. చనిపోయిన ఆ మనిషి గురించి మాత్రం ఆ దారిన పోయేవాళ్లలో ఎంతమందికి తెలుసో!

(తెర మీద: తాంబరం. డ్రిల్ మైదానం.)

తమిళనాడులో ఫైర్‌మ్యాన్ కావాలంటే పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాలకు ఎంపిక చేసే యూనిఫాం సర్వీసుల బోర్డే పరీక్ష పెడుతుంది. మగవాళ్లయితే 1,500 మీటర్లు 7 నిమిషాల్లో పరుగెత్తాలి, తాడు ఎక్కాలి. తమిళం రావాలి. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు అదో పెద్ద అడ్డంకి కాదులెండి, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం వాళ్లకు మామూలే.

రాష్ట్ర శిక్షణ కేంద్రం తాంబరంలో ఉంది. శిక్షణ అనగానే మనకు నిచ్చెనలు, దూకడాలు కళ్లముందు మెదులుతాయి. నిజానికి అందులో ఎక్కువ భాగం విసుగు పుట్టించే రిపీట్. హోసు విప్పు, చుట్టు, మళ్లీ విప్పు. మామూలుగా వాడే 63 మిల్లీమీటర్ల హోసు 15 మీటర్ల ముక్కలో దాదాపు 47 లీటర్ల నీళ్లు పడతాయి. అంటే నీళ్లొచ్చిన క్షణం నుంచి ఒక్కో ముక్కలో నీళ్ల బరువే 47 కిలోలు. అలాంటివి నాలుగు తగిలించి మెట్ల మీద మలుపు తిప్పుకుంటూ లాక్కెళ్లాలి. చివర నీళ్లు చిమ్మే గొట్టాన్ని, అంటే బ్రాంచ్‌ను, ఒక్కడు పట్టుకుని నిలబడలేడు, ప్రెషర్ వెనక్కి తోస్తుంది. అందుకే వెనకాల ఇంకొకడు భుజం ఆనించి ఉంటాడు.

పొగ గదిలో నేర్పేది నాకు బాగా ఆసక్తిగా అనిపించింది. కళ్లకు ఏమీ కనపడదు. గోడ పట్టుకుని నడవాలి, అయితే అరచేత్తో కాదు, చేతి వెనక భాగంతో. ఎందుకో ఊహించండి.

(రెండు సెకన్లు విరామం.)

కాలిన ఇంట్లో కరెంటు తీగ వేలాడుతుండొచ్చు. అరచెయ్యి తగిలితే షాక్‌కి పిడికిలి బిగుసుకుని తీగను గట్టిగా పట్టేసుకుంటుంది. చేతి వెనక తగిలితే అదే బిగింపు చేతిని తీగ నుంచి ఇవతలకు లాగేస్తుంది. అడుగు కూడా ఎత్తి వేయరు, ముందు కాలు జరిపి, నేల గట్టిగా ఉందని తెలిశాకే బరువు మోపుతారు.

(తెర మీద: బ్రీతింగ్ సెట్ క్లోజప్. మాస్క్, గేజ్, సిలిండర్.)

వీపు మీద ఉండేది ఆక్సిజన్ సిలిండర్ అని చాలామంది అనుకుంటారు. అది మామూలు గాలే, బాగా కుదించి నింపినది. 6 లీటర్ల సిలిండర్‌లో 300 బార్ ప్రెషర్‌తో, అంటే బయటి గాలి కంటే దాదాపు 300 రెట్లు కుదించి నింపితే 1,800 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల లెక్కన 45 నిమిషాలు రావాలి. కానీ మనిషిని మోస్తూ మెట్లు దిగేవాడు 40 లీటర్లతో సరిపెట్టుకోలేడు. అరగంటకే అయిపోవచ్చు. ప్రెషర్ 55 బార్ దగ్గరికి పడగానే విజిల్ మోగడం మొదలవుతుంది. గాలి పూర్తిగా అయిపోయేదాకా ఆగదు. విజిల్ మోగాక బయల్దేరితే ఆలస్యం. మోగేసరికే బయట ఉండాలన్నది నియమం. అందుకే లోపలికి ఎవరు వెళ్లారు, ఎన్నింటికి, ఎంత ప్రెషర్‌తో వెళ్లారు అన్నది బయట ఒకరు రాసిపెట్టుకుంటారు.

ఇంత గాలి మోసుకెళ్లేది ఎందుకంటే, సోఫాలు, పరుపుల ఫోమ్ కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు సైనైడ్ వాయువు కూడా ఉంటుంది. మన తాతల కాలం నులకమంచం కాలితే వచ్చే పొగ వేరు, ఇవాళ్టి హాల్‌లో వచ్చే పొగ వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2022లో అగ్నిమాపక వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. స్మారక స్తంభాల మీద మంటల్లో పోయినవాళ్ల పేర్లుంటాయి. రిటైరయ్యాక దగ్గి దగ్గి పోయినవాళ్లను ఏ ఏప్రిల్ 14న తలుచుకోవాలి? దీనికి మన దగ్గర పద్ధతేమీ లేదు. ఉండాలని నా అభిప్రాయం.

(తెర మీద: టీనగర్, ఉస్మాన్ రోడ్డు.)

2017 మే 31. టీనగర్‌లో, మనవాళ్లు పెళ్లి బట్టలకు వచ్చే ఉస్మాన్ రోడ్డులో, ఏడంతస్తుల బట్టల షాపు తగలబడింది. ప్రాణనష్టం జరగలేదు. కానీ ఒక రోజు దాటినా మంట లొంగలేదు. ముందంతా మూసేసిన గోడలు, లోపల అంతస్తుల కొద్దీ బట్టలు, పొగ పోవడానికి దారి లేదు. గోడలకు కంతలు పెట్టి నీళ్లు కొట్టాల్సి వచ్చింది. చివరికి భవనాన్నే కూల్చేశారు. షాపు అందంగా కనపడాలని కిటికీలు మూసేస్తే ఏమవుతుందో ఊరంతా టీవీలో చూసింది. చూసి ఎన్ని షాపులు కిటికీలు తెరిచాయో మీకూ తెలుసు.

సరిగ్గా నెలన్నర తర్వాత, జూలైలో, కొడుంగైయూర్‌లో ఒక బేకరీకి రాత్రిపూట నిప్పంటుకుంది. చిన్న షాపు. చూడటానికి జనం పోగయ్యారు. ఆర్పుతుండగా లోపలున్న గ్యాస్ సిలిండర్ పేలింది. ఒక ఫైర్‌మ్యాన్ చనిపోయారు. పదుల మందికి గాయాలయ్యాయి, వాళ్లలో చాలామంది చూడటానికి వచ్చి నిలబడ్డవాళ్లే.

సిలిండర్ ఎందుకు పేలుతుందో కొంచెం వివరంగా చెబుతాను. లోపల గ్యాస్ ద్రవంగా ఉంటుంది. కింద ద్రవం ఉన్నంత మేర ఇనుము వేడిని ద్రవానికి ఇచ్చేస్తుంది. పైన ఖాళీగా ఉన్న చోట ఆ సాయం లేదు, అక్కడ ఇనుము వేడెక్కి మెత్తబడుతుంది. అదే సమయంలో ద్రవం మరిగి ప్రెషర్ పెరుగుతుంది. మెత్తబడ్డ చోట చీలిందంటే ద్రవమంతా ఒక్కసారిగా ఆవిరై, దాదాపు 250 రెట్లు పెరిగి అంటుకుంటుంది. అందుకే సిబ్బంది సిలిండర్ ఉందని తెలిస్తే ముందు గోడ చాటు చూసుకుని, దూరం నుంచి దాని మీద నీళ్లు చల్లుతూ చల్లబరుస్తారు. తెలిస్తేనే కదా!

(తెర మీద: ఫోన్ స్క్రీన్. 101, 112.)

ఫైర్‌స్టేషన్ నంబరు 101కో, అన్ని అత్యవసరాలకూ పనికొచ్చే 112కో మన వైపు నుంచి వెళ్లే ఫోన్లు ఎక్కువగా ఇలా ఉంటాయి:

"సార్, మంటలు సార్! త్వరగా రండి సార్!"

"ఎక్కడండీ?"

"ఇక్కడే సార్, గుడి పక్కన!"

టక్కున పెట్టేస్తారు. చెన్నైలో గుడి లేని వీధి ఉందా? టెన్షన్‌లో ఎవరైనా అంతే, తప్పు పట్టను. అందుకే ఇప్పుడే, చల్లగా కూర్చున్నప్పుడే, ఈ మాటలు ఒకసారి పైకి అనుకోండి: వీధి పేరు, ఏరియా. ఎన్నో అంతస్తు. లోపల మనుషులున్నారా. సిలిండర్లున్నాయా, ఎన్ని. కింద పెయింటు డబ్బాలో, బ్యాటరీలో, టపాసులో ఉన్నాయా. అవతలివాళ్లు పెట్టేదాకా ఫోన్ పెట్టొద్దు. తమిళం తడబడితే పక్కన తమిళం వచ్చినవాళ్లకు ఇచ్చేయండి, మొహమాటపడొద్దు.

బండి వచ్చాక వీధి మొగలోనే ఎవరో ఒకరు నిలబడి దారి చూపించాలి. షాపు ఓనరు గానీ వాచ్‌మ్యాన్ గానీ అక్కడే ఉంటే నేరుగా ఆఫీసర్ దగ్గరికి వెళ్లి "సార్, వంటగదిలో రెండు కమర్షియల్ సిలిండర్లున్నాయి, ఎడమవైపు" అని చెప్పాలి. అనుమతి లేని సరుకు ఉంటే చాలామంది నోరు విప్పరు, తర్వాత కేసవుతుందని. ఆ భయం నాకు అర్థమవుతుంది గానీ, దాచిన ఆ సరుకు పక్కకే ఒక మనిషి పాక్కుంటూ వెళ్తుంటాడు.

ఇక వీడియో తీసేవాళ్లు. కొడుంగైయూర్‌లో జరిగింది చెప్పాను కాబట్టి మళ్లీ చెప్పను.

దీపావళికి ఫైర్‌స్టేషన్లలో సెలవు అడిగే పని ఉండదు, ముందే రద్దు. మన ఇళ్లలో పిల్లలు రాకెట్ వదిలేటప్పుడు అది ఎటు పోతుందో మనం చూడం, గుడిసెల మీద పడ్డాక వాళ్లు చూస్తారు. 2015 డిసెంబరు చెన్నై వరదల్లో బోట్లేసుకుని తిరిగినవాళ్లలోనూ ఫైర్ సిబ్బంది ఉన్నారు. బాత్రూంలో పాము దూరినా, బావిలో ఆవు పడినా వాళ్లకే ఫోన్. మంటల మధ్యలో తీసిన ఫోటోలే పేపర్లో వస్తాయి. మిగతా రోజంతా బండి స్టార్ట్ చేసి చూడటం, పంపు పరీక్షించడం, తడిసిన హోసులు ఆరేయడం.

ఏప్రిల్ వారోత్సవాల్లో చాలా స్టేషన్లు పిల్లలకూ కాలనీవాళ్లకూ డెమోలు చేసి చూపిస్తాయి. మీ ఏరియా స్టేషన్‌కు ముందే ఫోన్ చేసి కనుక్కోండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఉంటే వాళ్లను మీ బిల్డింగ్‌కే పిలవండి. ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడుంది, జనరేటర్ డీజిల్ ఎక్కడ పెడుతున్నారు, పెద్ద బండి గేటులో పడుతుందా లేదా అన్నది వాళ్లే తిరిగి చూసుకుంటారు. గేటుకు అడ్డంగా కారు పెట్టే మూడో అంతస్తు అంకుల్‌కు కూడా ఆ రోజు అక్కడే నిలబడమని చెప్పండి.

(తెర మీద: 101 / 112. వీడియో ముగింపు.)