‘డైలీ ఐ విల్ కమ్’ అంటన్నారు మాస్టారూ: టెన్సుల మీద ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారమండీ, శ్రీకాకుళం స్టూడియో నుంచి ఫోన్-ఇన్‌కి స్వాగతం. ఇయాల టాపిక్ ఇంగ్లీష్ టెన్సులు, అవి ఆటలాడించి నేర్పించొచ్చా అన్నది. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇరవై ఏడేళ్లు ఇంగ్లీష్ చెప్పి రిటైరైన మాస్టారు మనతో ఉన్నారు. లైన్లో ఎవరో ఉన్నారు, హలో?

కాలర్: హలో, నమస్తే మేడమ్, రాజాం దగ్గర నుంచండి, టీచర్ని, ఎనిమిదో క్లాసుకి ఇంగ్లీష్ చెప్తాను. పేరొద్దులెండి, మా హెచ్చెమ్ గారు ఈ ప్రోగ్రామ్ వింటారు.

మాస్టారు: (నవ్వు) రాజాం అంటే 2022 నుంచి విజయనగరం జిల్లా కదమ్మా, నాకింకా శ్రీకాకుళం అనే నోటికొస్తాది. చెప్పమ్మా.

కాలర్: పన్నెండు టెన్సుల పట్టిక మా పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు సార్, పరీక్షలో ఖాళీలు కూడా నింపేస్తారు, కానీ లేపి నిన్న ఏం చేశావురా అంటే ‘ఎస్టర్డే ఐ యామ్ గోయింగ్ మార్కెట్’ అంటారు, రోజూ బడికొస్తాను అనమంటే ‘డైలీ ఐ విల్ కమ్’ అంటారు. ఎక్కడ తప్పు చేస్తన్నానో తెలీట్లేదండి.

మాస్టారు: నీ తప్పేటీ లేదమ్మా. మన తెలుగు చూడు, ‘రేపు వస్తాను’ అంటాం, ‘రోజూ వస్తాను’ అంటాం, రెండుచోట్లా వస్తానే. పిల్లోడికి ఒకసారి ‘వస్తాను అంటే ఐ విల్ కమ్’ అని చెప్పేశామంటే ఆడు రోజుకీ రేపటికీ అదే అంటించేస్తాడు, ఆడి లెక్కలో ఆడు కరెక్టే. ‘వచ్చాను’ కూడా అంతే, నిన్న వచ్చాను అన్నా ఇదిగో ఇప్పుడే వచ్చాను అన్నా మనకి ఒకటే మాట, ఇంగ్లీషులో ఒకచోట ‘కేమ్’ ఇంకోచోట ‘హేవ్ కమ్’. అందుకే తెలుగు మాట పక్కన ఇంగ్లీష్ మాట పెట్టే పట్టిక నేను మానేశాను. ఆ టెన్స్ లేకపోతే పని జరగని సీను ఒకటి క్లాసులో పెట్టాలంతే.

యాంకర్: సీను అంటే ఏటండి?

మాస్టారు: దొంగతనం. నిన్న సాయంత్రం ఐదు నుంచి ఏడు లోపు హెచ్చెమ్ గారి గొడుగు పోయింది. ఇద్దరు కుర్రాళ్ల మీద అనుమానం, ఆళ్లేమో ఆ టైములో మేమిద్దరం కలిసే ఉన్నాం అంటారు. ఇద్దర్నీ ఐదు నిమిషాలు వరండాలోకి పంపి కథ కుదుర్చుకోమంటాం, ఈలోగా క్లాసు నాలుగు గ్రూపులై ప్రశ్నలు రాసుకుంటాది. తర్వాత ఒక్కొక్కణ్ణి విడిగా పిలిచి అవే ప్రశ్నలు వెయ్యాలి, జవాబులు తేడా వస్తే దొరికిపోయినట్టే. ‘వాట్ వర్ యు డూయింగ్ ఎట్ సిక్స్?’, ‘వేర్ డిడ్ యు సిట్?’ ఇలగన్నమాట. పాస్ట్ టెన్స్ లేకుండా ఒక్క ప్రశ్నా కుదరదు చూడు.

ఒకసారి ఇద్దరు కుర్రాళ్లు కళింగపట్నం బీచ్‌కి వెళ్లామని కథ అల్లారు, ఏ బస్సు, ఏం తిన్నారు, ఎవరు కనిపించారు, అన్నీ కుదుర్చుకునే వచ్చారు, క్లాసు అరగంట గింజుకున్నా పట్టుకోలేకపోయింది. అప్పుడు వెనక బెంచీలో, ఏడాది మొత్తం నోరెత్తని పిల్ల ఒకత్తి లేచి ‘హూ డిడ్ పెయిడ్?’ అంది. అంతే! మొదటోడు ‘హి పెయిడ్’ అన్నాడు, రెండోవోణ్ణి లోపలికి పిలిస్తే ఆడూ ‘హి పెయిడ్’ అన్నాడు. క్లాసు పైకప్పు ఎగిరిపోయిందనుకో.

కాలర్: అయ్యో (నవ్వు) కానీ సార్, ‘హూ డిడ్ పెయిడ్’ తప్పు కదా, అక్కడే దిద్దాలి కదండీ?

మాస్టారు: దిద్దలేదమ్మా. ఆ పిల్ల అప్పుడే నోరు తెరిచింది, అప్పుడే నొక్కేస్తావా? చీటీ మీద రాసుకున్నాను. ఆట అయ్యాక పేరు చెప్పకుండా అలాంటివి మూడు బోర్డు మీద రాసి ఏటి మార్చాలో ఆళ్లనే అడిగాను. ‘వేర్ డిడ్ యు వెంట్’ అన్నది ఎప్పుడూ ఉంటాది. డిడ్‌లోనే నిన్న అన్నది ఉంది, మళ్లీ వెంట్ ఎందుకు, గో చాలు. ఇక ‘హూ’యే పనిచేసినోడైతే డిడ్ కూడా అక్కర్లేదు, ‘హూ పెయిడ్’ అంతే. గొడుగు దొంగని పట్టిన ప్రశ్న కదా, ఇక మర్చిపోతారేటి.

కాలర్: మాకు యాభై రెండు మంది సార్, గోలైపోతాది.

మాస్టారు: అవుతాది. నేను పనిచేసిన ఓ బడిలో, ఏ బడో వద్దులే, చూడ్డానికొచ్చినాయన నా క్లాసు చేపల మార్కెట్‌లా ఉందని రిజిస్టర్లో రాసి వెళ్లాడు. ముందే హెచ్చెమ్ గారికి చెప్పి లాస్ట్ పీరియడ్ తీసుకో తల్లీ, గొడుగు కూడా ఆయన్నే అడుగు.

యాంకర్: ఇంకో కాల్, నరసన్నపేట. చెప్పండి బాబాయ్ గారూ.

రెండో కాలర్: మా అమ్మాయి తొమ్మిదమ్మా. ఆళ్ల మేడమ్ కూడా ఇలాగే ఆటలాడిస్తంది, నోట్సు చూస్తే ఖాళీ. బడికి పంపింది ఆడుకోడానికా?

మాస్టారు: మీ కోపం న్యాయమేనండి. ఆట అయ్యాక ఐదు నిమిషాలు, దొంగలు ఏం చెప్పారో ఆరు వాక్యాలు నోట్సులో పడాలి, పడకపోతే ఆ మేడమ్‌ని అడగండి. ఇంకోటి కూడా చెప్తాను, గో వెంట్ గాన్, బై బాట్ బాట్ ఇవి ఏ ఆటా నేర్పదు, బట్టీ పట్టాల్సిందే, రోజుకి ఐదు. కానీ మాట ముందు, వ్యాకరణం తర్వాత. మన శ్రీముఖలింగం పక్క పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష సవరవాళ్లతో మాట్లాడే నేర్చుకున్నారు, ఆ వ్యాకరణం రాసింది తర్వాతే.

రెండో కాలర్: మరి నాకు ఇంగ్లీష్ రాదు, ఇంట్లో ఏటి చెయ్యాలి?

మాస్టారు: రాత్రి అన్నం దగ్గర ఇయాల బడిలో ఏం చేశావమ్మా అని తెలుగులోనే అడగండి, ఇంగ్లీషులో మూడు ముక్కలు చెప్పమనండి, తర్వాత అదేటో మీకు తెలుగులో చెప్పమనండి.

యాంకర్: విజయనగరం నుంచి ఒకరు, టైమ్ తక్కువుంది మేడమ్.

మూడో కాలర్: నేనూ టీచర్నే సార్, హేవ్ హేజ్ దగ్గర పిల్లలు పూర్తిగా పడిపోతన్నారు.

మాస్టారు: పిల్లల్ని లేపి క్లాసులో తిప్పండి. ఒక్కొక్కరు ‘హేవ్ యు ఎవర్ సీన్ సిరిమాను?’, ‘హేవ్ యు ఎవర్ ఈటెన్ మందస కోవా?’ ఇలాంటివి నాలుగు అడగాలి. ఎస్ అన్నోడు దొరకగానే రెండో ప్రశ్న ‘వెన్ డిడ్ యు సీ ఇట్?’ జీవితంలో ఎప్పుడైనా అంటే హేవ్, ఫలానా రోజు అనేసరికి హేవ్ దిగిపోవాలి, ఆ మలుపు నోటితో తిరగాలి. మీతోనే ఆడదాం. హేవ్ యు ఎవర్ సీన్ సిరిమాను?

మూడో కాలర్: ఎస్ సార్, మా ఊరి పండగే కదండీ.

మాస్టారు: వెన్ డిడ్ యు సీ ఇట్?

మూడో కాలర్: ఐ హేవ్ సీన్ ఇట్ లాస్ట్ ఇయర్ సార్.

యాంకర్: (నవ్వు)

మూడో కాలర్: అయ్యో! ఐ సా, ఐ సా సార్, ఇది మా పిల్లలు వినలేదు కదా?