సౌండ్ తీసేసి చూడండి

హోస్ట్: నిన్న ఒక సినిమా చూశానండి. థియేటర్లో ఏడ్చేశాను. ఇంటికొచ్చి రివ్యూలన్నీ ఒకచోట పెట్టే రాటెన్ టొమాటోస్ సైట్ చూస్తే 90 శాతం. తీరా పొద్దున లేచాక ఒక్క సీను గుర్తులేదు! ఇంతకీ అది మంచి సినిమానా, కాదా?

ఎడిటర్: ముందు ఆ శాతం సంగతి తేల్చేద్దాం. అది వందకి 90 మార్కులు కాదండి. వంద మంది విమర్శకులు రాస్తే 90 మందికి నచ్చిందని, అంతే. అందరూ ఐదుకి మూడున్నర ఇచ్చి సరిపెట్టినా అక్కడ వంద శాతం కనిపించొచ్చు.

హోస్ట్: అయ్యో, ఇన్నాళ్లూ మార్కులే అనుకున్నాను. సరే, మరి నా ఏడుపో?

ఎడిటర్: ఏడుపు నిజమే. కానీ ఏడిపించింది సీనా, వయొలినా? మేం చేసే పనే కాబట్టి ఒప్పుకుంటాను. ఒకసారి ఒక ఆసుపత్రి సీన్ ఎన్ని రకాలుగా కట్ చేసినా అతకలేదు. చివరికి రీరికార్డింగ్‌లో మ్యూజిక్ పెంచేసి గట్టెక్కాం. జనం కళ్లు తుడుచుకుంటుంటే నేను తలొంచుకుని కూర్చున్నాను.

హోస్ట్: మరి మాలాంటి వాళ్లకి తెలిసేదెలా?

ఎడిటర్: నచ్చిన సీన్ ఒకటి పెట్టుకుని సౌండ్ తీసేసి చూడండి. ఇలా అనుకోండి... ఒకాయన చొక్కా మడతపెడుతుంటాడు. ఫోన్ వస్తుంది. ఎవరో పోయారని మనకి తెలుస్తుంది. కెమెరా ఆయన మొహం మీదికి వెళ్లదు, చేతుల మీదే ఉంటుంది. ఆయన మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్లీ మడతపెడతాడు. ఇక్కడ మ్యూజిక్ లేకపోయినా మీకు అర్థమైపోతుంది. అదే ఆయన మోకాళ్ల మీద పడి అరుస్తుంటే, కెమెరా చుట్టూ తిరుగుతుంటే, సౌండ్ తీసేసి చూడండి. నవ్వొస్తుంది.

హోస్ట్: అంటే నటన బాగుంటే చాలంటారా?

ఎడిటర్: అక్కడే అందరం పొరబడతాం. వందేళ్ల కిందట కులెషోవ్ అని ఒక రష్యన్ దర్శకుడు ఒక ప్రయోగం చేశాడు. ఏ భావమూ లేని ఒకే మొహం. దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఒక అమ్మాయి షాట్ అతికించాడు. చూసినవాళ్లు ఆకలి, దుఃఖం, కోరిక ఎంత బాగా పలికించాడో అని ఆ నటుణ్ణి మెచ్చుకున్నారట. షాట్ మాత్రం ఒక్కటే! అందుకే 'ఏం నటించాడండీ' అని ఎవరైనా అంటే నాకు లోపల చిన్న కుళ్లు.

హోస్ట్: (నవ్వు) అది వృత్తి దోషం! సరే, సినిమా సాగదీస్తే ల్యాగ్ అంటారే, దాని సంగతేంటి?

ఎడిటర్: నెమ్మదిగా నడిచిందంతా ల్యాగ్ కాదు. ఆ సీన్ ఎత్తేస్తే తర్వాత వచ్చే సీన్లలో ఏదన్నా లోటు తెలుస్తోందా? తెలియకపోతే అది రెండు నిమిషాల సీనైనా ల్యాగే. పాటలకీ ఇదే లెక్క. ఫైట్ల గురించి అడక్కండి, నాకు పని ఇచ్చేవాళ్లు వింటుంటారు.

హోస్ట్: అయితే రాత్రికి ఆ సినిమా క్లైమాక్స్ సౌండ్ లేకుండా చూస్తాను.

ఎడిటర్: ఇంకా థియేటర్లోనే ఉందిగా, అక్కడ సౌండ్ ఎలా తీస్తారు?

హోస్ట్: అవును కదా! దూది పెట్టుకుని వెళ్తాను.