60 పీడీయూల ప్యాక్ కొన్నాను, మళ్ళీ కొనను: నా పీఎంపీ రెన్యూవల్ రివ్యూ

నమస్తే అండీ. ప్రాజెక్ట్ మేనేజర్ల సర్టిఫికెట్ పీఎంపీ పాసైన రోజు టీమ్‌కి స్వీట్లు పంచాను, లింక్డిన్‌లో పోస్ట్ పెట్టాను, ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయాను. రెండున్నరేళ్ళు దాటాక, ఆ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ పీఎంఐ నుంచి వచ్చిన రిమైండర్ మెయిల్ చూసుకుంటే నా ఖాతాలో పీడీయూలు తొమ్మిది. మూడేళ్ళకోసారి రెన్యూ చేసుకోవడానికి కావలసినవి 60. ఆ టెన్షన్‌లో అర్ధరాత్రి కార్డు తీసి, ఒక ట్రైనింగ్ సైటులో "60 పీడీయూల ప్యాక్" కొనేశాను. ఈ రోజు రివ్యూ దాని గురించే. సైటు పేరు చెప్పను. అలాంటివి చాలా ఉన్నాయి, అన్నీ ఒకే తాను ముక్కలు.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. పీడీయూ అంటే మన వృత్తికి పనికొచ్చేది నేర్చుకుంటూనో, నేర్పుతూనో గడిపిన ఒక గంట. మూడేళ్ళలో 60 గంటలు, అంటే నెలకి గంటా నలభై నిమిషాలు. మన సినిమా ఒకటి పూర్తిగా చూసే టైమ్ కూడా కాదు. నెలనెలా చేస్తే నొప్పే తెలియదు. నాలా ఆర్నెల్లలో చేద్దామంటే మాత్రం ప్రతి ఆదివారం దానికే రాసిచ్చేయాలి.

ఇక ప్యాక్. వీడియోలు తెరిస్తే స్లైడ్లు, వాటిని అక్షరం పొల్లుపోకుండా చదివే ఒక గొంతు. నాలుగో గంటకి వేగం రెండింతలు పెట్టేశాను, దాచుకోవడం ఎందుకు. గంట వీడియోని అరగంటలో చూసి గంట అని రాసుకోవచ్చా అంటే, అది మీకూ మీ మనస్సాక్షికీ మధ్య విషయం. ప్రతి పాఠం చివర ఐదు ప్రశ్నల క్విజ్, తప్పు రాస్తే అదే క్విజ్ మళ్ళీ. మా అబ్బాయి పక్కన కూర్చుని రెండోసారికి నాకంటే ముందే జవాబులు చెప్పాడు.

అసలు చిక్కు అది కాదండీ. పీఎంఐ వాళ్ళకి టాలెంట్ ట్రయాంగిల్ అని ఒకటుంది: వేస్ ఆఫ్ వర్కింగ్ (పని నడిపే పద్ధతులు), పవర్ స్కిల్స్ (మనుషులతో పని చేయించే నేర్పు), బిజినెస్ ఎక్యుమెన్ (వ్యాపార అవగాహన). 60లో కనీసం 35 చదువు కింద రావాలి, అందులో ఒక్కో మూలకి కనీసం ఎనిమిదేసి ఉండాలి. నా ప్యాక్‌లో పాఠాలు ఈ మూలలకి 2022కి ముందున్న పాత పేర్లతోనే ఉన్నాయి. ఏది ఏ మూల కిందికి వస్తుందో నేనే కూర్చుని లెక్కేసుకున్నాను. లెక్కేస్తే ముప్పావు వంతు షెడ్యూళ్ళు, స్ప్రింట్లు, రిస్క్ రిజిస్టర్లు. పదేళ్ళుగా రోజూ చేస్తున్న పనే! బిజినెస్ ఎక్యుమెన్ కింద చెప్పుకోవడానికి మిగిలింది ఐదున్నర గంటలు. అంటే డబ్బు కట్టి కూడా ఆ మూల నిండలేదు.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. 60కి 60 చదువు కిందే రావాలని ఎక్కడా లేదు. గివింగ్ బ్యాక్ అని ఇంకో భాగం ఉంది, అందులో 25 వరకు వేసుకోవచ్చు. మనం ప్రాజెక్ట్ మేనేజర్‌గా ఉద్యోగం చేస్తున్నందుకే ఆ 25లో ఎనిమిది వస్తాయి. జూనియర్లకి క్లాసు చెప్పినా, మెంటరింగ్ చేసినా, చాప్టర్‌లో, అంటే పీఎంఐ స్థానిక శాఖలో, వాలంటీర్‌గా పనిచేసినా వస్తాయి. నేను రెండేళ్ళుగా మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి శుక్రవారాలు ఎస్టిమేషన్ మీద క్లాసులు చెప్తున్నాను. ఒక్క గంట కూడా రాసుకోలేదు! ఆ క్యాలెండర్ ఇన్వైట్లన్నీ తవ్వి తీస్తే సగం భయం పోయింది. ఆఫీసులో హెచ్‌ఆర్ పెట్టే నెగోషియేషన్ వర్క్‌షాప్ ఉంటుంది చూడండి, మనం విసుక్కుంటూ వెళ్ళేది, అది కూడా పవర్ స్కిల్స్ కింద లెక్కకి వస్తుంది.

మిగతా దారుల గురించి త్వరగా చెప్పేస్తాను. పీఎంఐ సభ్యులకి ప్రాజెక్ట్‌మేనేజ్‌మెంట్ డాట్ కామ్‌లో రికార్డు చేసిన వెబినార్లు ఉంటాయి. చూడటం పూర్తయ్యాక పీడీయూ దానంతటదే ఖాతాలో పడుతుంది. మాట్లాడేవాళ్ళని బట్టి కొన్ని బాగుంటాయి, కొన్ని జోలపాటలు. పుస్తకం చదివినా గంటకి ఒకటి, కానీ ఏం చదివారో, ఎప్పుడు చదివారో, ఏం నేర్చుకున్నారో నోట్సు ఉంచుకోండి. కొందరిని ఆడిట్‌కి ఎంచుకుంటారు, అప్పుడు చూపించాలి.

నాకు బాగా నచ్చింది చాప్టర్ మీటింగులు. హైదరాబాద్‌లో ఉన్నది పెర్ల్ సిటీ చాప్టర్. నేను వెళ్ళిన రోజు మెట్రో పనుల్లో ఉన్న ఒకాయన భూసేకరణ ఆలస్యమైతే ఖర్చు ఎలా పెరుగుతుందో చెప్పారు. ఒక పని ఇంకోదాని కోసం ఆగితే సాఫ్ట్‌వేర్‌లో మనం "డిపెండెన్సీ" అని తేలిగ్గా అనేస్తాం. ఆయనకి డిపెండెన్సీ అంటే ఒక మనిషి ఇల్లు. బిజినెస్ ఎక్యుమెన్ అంటే ఏంటో ఐదున్నర గంటల స్లైడ్లలో నాకు అర్థం కానిది ఆ సాయంత్రం అర్థమైంది. పైగా టీ, సమోసా.

డబ్బు మాట. నేను కట్టినప్పుడు రెన్యూవల్ ఫీజు సభ్యులకి 60 డాలర్లు, సభ్యత్వం లేకపోతే 150. గడువు దాటితే ఒక ఏడాది సస్పెన్షన్, ఆ ఏడాది పేరు పక్కన పీఎంపీ అని పెట్టుకోకూడదు. అందులో పూర్తి చేసినా తర్వాతి సైకిల్ (మూడేళ్ళ గడువు) తేదీలు ముందుకి జరగవు, పోయిన నెలలు పోయినట్టే. ఆ ఏడాది కూడా దాటితే మళ్ళీ పరీక్షే. నేను రాసినప్పుడు 180 ప్రశ్నలు, 230 నిమిషాలు. ఇంకోసారి రాయడం నా వల్ల కాదు బాబోయ్.

ప్యాక్‌కి నా మార్కులు ఐదుకి ఒకటిన్నర. ఆ అర ఎందుకంటే, దాని సర్టిఫికెట్ పీడీఎఫ్‌లు నీట్‌గా ఉన్నాయి, క్లెయిమ్ చేసేటప్పుడు పని సులువైంది. గడువుకి రెండు వారాలే ఉండి చేతిలో ఏమీ లేనివాళ్ళు కొనుక్కోండి, తిట్టుకుంటూనే కొనుక్కోండి. ఏడాది ఉన్నవాళ్ళకి అనవసరం. ఒకవేళ మూడో ఏడాదిలో 60 దాటి సంపాదిస్తే, ఆ ఏడాదివి 20 వరకు తర్వాతి సైకిల్‌కి తీసుకెళ్ళొచ్చు. నాకు ఆ అదృష్టం లేదు, నేను సరిగ్గా 60 దగ్గర ఆగాను.

ఇదిగో, ఇప్పుడు స్క్రీన్ మీద కనిపిస్తున్నది నా కొత్త సైకిల్ డాష్‌బోర్డ్. మొదలై ఎనిమిది నెలలు. వేస్ ఆఫ్ వర్కింగ్ పదకొండు, పవర్ స్కిల్స్ ఆరు. బిజినెస్ ఎక్యుమెన్... చూశారుగా, ఒకటిన్నర. వచ్చే శనివారం చాప్టర్ మీటింగ్ ఉంది, వెళ్తున్నాను.