మూడు చుట్ల కాయిల్

వేదిక మీదున్న సార్లకు, ఎండలో ఇంత దూరం వచ్చిన పిల్లలకు నమస్కారం.

ముందే ఒక మాట చెప్తాను. నేను కరెంటుకు మార్చిన జీపు తేలేదు. మిర్యాలగూడ నుంచి నల్లగొండకు తేవాలంటే దాన్ని రోడ్డెక్కించాలి. రోడ్డెక్కించే హక్కు నాకు లేదు. ఎందుకు లేదో చివర్లో చెప్తాను. దాని బదులు మూడు వస్తువులు తెచ్చి ఈ బల్ల మీద పెట్టాను. ఒకటి రాగి కాయిల్, రెండోది అతుక్కుపోయిన కాంటాక్టర్ (పెద్ద కరెంటును కలిపి తెంచే స్విచ్), మూడోది కొస కరిగిపోయిన స్పానర్.

నేను మోటార్లు చుట్టేవాణ్ణి, అంటే కాలిన మోటారులో రాగితీగ మళ్లీ చుట్టే వైండర్ని. మావైపు సాగర్ ఎడమ కాలువ నీళ్లు, ఆ నీళ్లకు వరి, ఆ వరికి మిల్లులు. మిల్లుల్లోనూ బోర్ల దగ్గరా మోటార్లు. ఒక ఫేజు పోయిందంటే మోటారు కాలుతుంది, కాలిందంటే నా షాపుకి వస్తుంది. ముప్పై ఏళ్లు ఇదే పని. అందుకని మోటారు విషయంలో నాకు కాస్త పొగరుండేది. బండిని కరెంటుకు మార్చడమంటే ఇంజిన్ దింపి మోటారు ఎక్కించడమే కదా, ఆ పని నాకన్నా ఎవడు బాగా చేస్తాడు అనుకున్నాను. మోటారు పని పదకొండు రోజుల్లో అయిపోయింది. మిగతా పనికి రెండేళ్లు పట్టింది.

బండి గురించి చెప్తాను. ఇంగ్లాండులో కిట్ కార్లని ఉండేవి. విడిభాగాలు పెట్టెలో పెట్టి అమ్మితే, కొన్నవాడు ఇంట్లో బిగించుకునేవాడు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అలాంటిదే. అలా కొంటే అక్కడ కారు మీద పన్ను తప్పేది, 1973లో పన్నుల పద్ధతి మారేదాకా అదొక లాభం. మన దగ్గర కిట్ కారంటే జీపే. 1940ల చివర్లో విల్లీస్ జీపు కూడా అమెరికా నుంచి విడిభాగాలుగా బొంబాయికి వచ్చి, మహీంద్రా వాళ్ల చేతుల్లో జీపుగా తయారైంది. ఆ తర్వాత మన ఊళ్లలో షెడ్డు షెడ్డుకీ ఒక జీపు పుట్టింది. నాది అలాంటిదే. ఛాసిస్ ఒకదానిది, గేర్‌బాక్సు ఇంకోదానిది, బాడీ మా బజారులో రేకు వంచి కట్టింది. మా సేటు, అంటే నేను మోటార్ల పని చేసే మిల్లు యజమాని, ఇంజిన్ గుంజడం లేదని దాన్ని గోదాము వెనక పడేశాడు. "తీసుకుపో, నాకు జాగా ఖాళీ అయితే చాలు" అన్నాడు.

ఇప్పుడు ఈ కాయిల్ చూడండి. ఇది 10 హార్స్‌పవర్ త్రీఫేజ్ మోటారుది. కంపెనీ చుట్టినప్పుడు ఒక్కో కాయిల్‌కి 48 చుట్లు. నేను చుట్టినవి 3. తప్పు లెక్క కాదు. ఆ మోటారు 415 వోల్టులకు, సెకనుకు 50 సైకిళ్లకు చేసింది. నా బ్యాటరీ 72 వోల్టులు. బ్యాటరీది డీసీ, ఒకే దిశలో పారే కరెంటు. మోటారుకు కావాల్సింది ఏసీ, దిశ మారుతూ ఉండే కరెంటు. ఆ మార్పిడి చేసే పెట్టె కంట్రోలర్. 72 వోల్టుల డీసీ నుంచి అది తీసివ్వగలిగే ఏసీ 50 వోల్టులకు అటూ ఇటూ. అంటే వోల్టేజి ఎనిమిదో వంతు, కాబట్టి చుట్లూ ఎనిమిదో వంతే, 6. పైగా నేను దాన్ని 50 సైకిళ్లకు కాదు, 100 సైకిళ్లకు తిప్పుదామనుకున్నాను. సైకిళ్లు రెట్టింపైతే అదే వోల్టేజికి చుట్లు మళ్లీ సగం చాలు. అలా 3 వచ్చింది. చుట్లు తగ్గినన్ని రెట్లు తీగ అడ్డుకోత పెరగాలి, అందుకే సన్నతీగలు కట్టగా కలిపి చుట్టాను. నిమిషానికి 1440 తిరిగే మోటారు 2900 దాకా పోతుంది, అదే ఇనుములోంచి దాదాపు రెట్టింపు పవర్ వస్తుంది. దీన్ని నేను కొత్తగా కనిపెట్టలేదు, తెలిసిన వైండర్ ఎవరైనా చేస్తాడు. కాకపోతే వైండింగ్‌లో వేడి చూసే సెన్సర్, షాఫ్టు మీద వేగం చూసే సెన్సర్ పెట్టడం మరచిపోకూడదు. పాత ఫోర్క్‌లిఫ్ట్ నుంచి తీసిన కంట్రోలర్ కొన్నాను. వేగం సెన్సర్ లేకపోతే అది మోటారును సరిగ్గా తిప్పలేదు.

మోటారు తిరిగింది. మా షాపు పోరడు ఈలలు వేశాడు. అక్కడితో నా పొగరు పని ముగిసింది.

బ్యాటరీ దగ్గర మొదట లోభం చేశాను. ఇంట్లో ఇన్వర్టర్‌కి పెట్టుకునే 150 ఆంపియర్ అవర్ (ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇస్తుందనే లెక్క) లెడ్ బ్యాటరీలు ఆరు తెచ్చి జీపు వెనక పేర్చాను. ఒక్కోటి 55 కిలోల పైన. మిల్లు వేబ్రిడ్జి మీదికి ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి ఎక్కించి తూచాం. వడ్లు తూచే కాంటా మీద బండి తూచడమేంటని హమాలీలు నవ్వారు కానీ, ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే. వెనక కమాను కట్టలు బల్లపరుపుగా చదునైపోయాయి. సరే, నడిపి చూద్దామని మిల్లు ఆవరణలో చుట్లు మొదలుపెట్టాను. పోరడు గోడ మీద సుద్దముక్కతో గీతలు గీస్తున్నాడు. 150ని జీపు లాగే 120 ఆంపియర్లతో భాగిస్తే గంటంపావు రావాలి. అరగంట దాటిందో లేదో జీపు ఆగిపోయింది.

ఎందుకు? ఆ డబ్బా మీది 150 అనేది 20 గంటల లెక్క. ఏడున్నర ఆంపియర్ల చొప్పున 20 గంటలు మెల్లగా లాగితేనే 150 ఇస్తుంది. ఒక్కసారిగా 120 లాగితే లోపల ఆమ్లం పలకల దగ్గరికి చేరేలోపే వోల్టేజి పడిపోతుంది. ముప్పై ఏళ్లుగా మోటారు నేమ్‌ప్లేటు చదువుతున్న మనిషిని, బ్యాటరీ డబ్బా మీదిది మాత్రం చదవలేదు. (అన్నట్టు, లెడ్ బ్యాటరీలు వాడేవాళ్లు బోరు నీళ్లు పోయకండి. మన నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, ఉప్పులన్నీ ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్ కొనండి, ప్రాణం పోదు.)

రెండోసారి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ కొన్నాను. 280 ఆంపియర్ అవర్‌వి 24. ఒక్కోటి 3.2 వోల్టులు, మొత్తం 76.8 వోల్టులు, దాదాపు 21 యూనిట్లు. బరువు 130 కిలోల లోపే. లెడ్ బ్యాటరీల్లో సగం కూడా లేదు. లీటరు పెట్రోల్లో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుందంటారు, అంటే రెండున్నర లీటర్ల పెట్రోలు కూడా కాదు ఇది. కానీ పెట్రోలు ఇంజిన్ అందులో మూడొంతులకు పైగా వేడి చేసి వదిలేస్తుంది, మోటారు అలా వదలదు. ఎత్తుపల్లాలు లేని మిల్లు ఆవరణలో నా జీపు కిలోమీటరుకు పావు యూనిట్ లోపే తాగుతోంది.

ఇక ఈ స్పానర్. సెల్స్ మీద రాగి పట్టీలు బిగిస్తున్నాను. స్పానర్ చేయి జారి రెండు టెర్మినళ్ల మీద అడ్డంగా పడింది. కళ్ల ముందు ఒక్క మెరుపు. స్పానర్ కొస ఇదిగో, మైనంలా కారింది. చేతికేమీ కాలేదు, అది నా తెలివి కాదు. ఆ రోజు నుంచి స్పానర్లకు పిడి పొడవునా టేపు చుట్టాను, చేతికి ఉంగరం, వాచీ తీసేశాను. 72 వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అనుకుంటాం. భయపడాల్సింది వోల్టులకే కాదు, ఆంపియర్లకు కూడా.

కాంటాక్టర్ కథ కూడా అలాంటిదే. కంట్రోలర్ లోపల పెద్ద కెపాసిటర్లుంటాయి, కరెంటును కాసేపు దాచుకునే డబ్బాలు. ఖాళీగా ఉన్న కెపాసిటర్లకు బ్యాటరీని ఒక్కసారిగా కలిపితే ఆ క్షణంలో అవి వందల ఆంపియర్లు మింగుతాయి. కాంటాక్టర్ పాయింట్లు అక్కడికక్కడే వెల్డింగ్ అయిపోతాయి. నాకు అదే అయింది. తాళం తీసినా జీపు ఆఫ్ కాలేదు! ముందు ఒక రెసిస్టర్ ద్వారా కెపాసిటర్లను మెల్లగా నింపి, ఆ తర్వాతే కాంటాక్టర్ కలపాలి. ఆ రెసిస్టర్ ఖరీదు మా ఇంట్లో ఒక పూట కూరగాయలంత. అలాగే ఫ్యూజు. ఏసీ సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది, ఫ్యూజు తెగినప్పుడు లేచే మంట ఆ సందులో ఆరుతుంది. డీసీకి ఆ సందు లేదు. ఇంట్లో వాడే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్) తెచ్చి పెడితే అది ట్రిప్ అవుతుంది, లోపల మంట మాత్రం ఆరకపోవచ్చు. డీసీకని చేసిన ఫ్యూజే కావాలి, బ్యాటరీకి వీలైనంత దగ్గర పెట్టాలి. డ్రైవరు చేతికందేలా ఒక ఎర్ర స్విచ్ ఉండాలి.

మన ఎండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ సెల్స్‌ని బాగా వేడెక్కినప్పుడు ఛార్జ్ చేయొద్దని కంపెనీవాళ్లు రాస్తారు. మే నెలలో మా రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం ఎంతుంటుందో ఊహించుకోండి. అందుకే తెల్లవారుజామున నాలుగింటికి ప్లగ్గు పెడతాను, ఎనిమిదింటికి తీసేస్తాను. మిగిలింది మర్నాడు. మా ఇంటావిడ ఆవులకి మేత వేసే టైము, నేను జీపుకి వేసే టైము ఒకటే.

పొగ లేని బండి అని పేపర్లో రాసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. దామరచర్ల దగ్గర 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు బొగ్గు మీదే నడుస్తుంది, మాకు అది పొరుగే. పొగ మా జీపు వెనక నుంచి ఆ ప్లాంటు పొగగొట్టానికి మారింది. అయినా మార్చడం మంచిదేనని నా అభిప్రాయం, పావు యూనిట్ లెక్క ఇందాకే చెప్పాను కదా.

ఇప్పుడు రోడ్డు విషయం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి కంపెనీ నుంచి వచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కరెంటుకు మార్చడానికి దారి ఉంది, కానీ అది ఏఐఎస్-123 ప్రమాణం కింద పరీక్ష పాసైన కిట్ అయి ఉండాలి, అధీకృత సంస్థ బిగించాలి, ఆర్టీఓ ఆర్‌సీలో ఇంధనం మార్చి రాయాలి. మిర్యాలగూడ వైండర్ చుట్టిన 3 చుట్ల మోటారుకు ఆ కాగితాలు రావు. కొందరు చాటుగా నడపమన్నారు. నడపను. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు, ఎదుటివాడి ప్రాణానికి నేను ఏం సమాధానం చెప్పాలి? అందుకే జీపు మిల్లు గేటు దాటదు. బియ్యం బస్తాలు, మంచినీళ్ల క్యాన్లు మోస్తుంది.

అక్కడా ఒక చిక్కొచ్చింది. చప్పుడు లేదు. ఒకరోజు తల మీద బస్తాతో వెనక్కి నడుస్తున్న హమాలీకి జీపు జానెడు దూరంలో ఆగింది. పెద్దాయన, నన్ను చాలా తిట్టాడు, తిట్టాల్సిందే. మర్నాడు ఆయనే ఇంటి నుంచి ఎద్దు మెడగంట ఒకటి తెచ్చి ముందు బంపర్‌కి కట్టాడు. ఇప్పుడు జీపు కదిలితే గంట మోగుతుంది.

బల్ల దగ్గరికి రండి. కాయిల్ ముట్టుకుని చూడవచ్చు, వార్నిష్ ఆరింది.